కొల్లేటి గట్టున రెండు కొత్త సంవత్సరాలు

2025 జూన్ నెలలో రెండు కొత్త సంవత్సరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 12వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరుచుకున్నాయి. 27వ తేదీన ముహర్రం మాసం మొదలై, మనం హిజ్రీ 1447లో అడుగుపెట్టాము. మొదటిది బడి గంటతో వచ్చింది, రెండవది నెలవంకతో. ఈ రెండు తేదీల నడుమ మేము ఏలూరు నుండి కొల్లేటి లంకల మీదుగా తాడేపల్లిగూడెం వరకు ప్రయాణించాము. కొత్త తరగతిలో, కొత్త బడిలో, కొత్త ఊరిలో కాలుపెట్టే పిల్లలకు ఈ ప్రాంతం ఎలా చోటిస్తున్నదో చూడాలన్నదే మా ఉద్దేశం.

హిజ్రీ శకం ఎలా ఆరంభమైందో మన పాఠకులకు తెలియనిది కాదు. క్రీ.శ. 622లో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) మక్కా విడిచి మదీనా చేరారు. దాదాపు పదిహేడేళ్ళ తరువాత, హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో ముస్లిం సమాజానికి ఒక సంవత్సర గణన అవసరమైంది. దైవప్రవక్త (స) జననం నుండి లెక్కించాలా, దైవదౌత్యం లభించిన నాటి నుండి లెక్కించాలా అన్న ఆలోచనలు కూడా వచ్చాయి. చివరకు సహాబాలు హిజ్రత్‌నే ఎంచుకున్నారు. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన వారికి మరొక ఊరు తన తలుపులు తెరిచిన ఘటనతో మన సంవత్సరాల లెక్క మొదలవుతుంది. కనుక ముహర్రం నెలవంకను చూసిన ప్రతిసారీ మనం అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ ఏడాది మన వాకిట నిలిచిన కొత్తవారెవరు, వారికి మనం ఇచ్చిన చోటేది?

రెండు నీళ్ళు కలిసే ఊరు

ఏలూరు పూర్వనామం హేలాపురి. ఊరికి ఉత్తరాన సుమారు 12 కి.మీ. దూరంలో ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి రాజధాని. కృష్ణా నీటిని తెచ్చే కాలువ, గోదావరి నీటిని తెచ్చే కాలువ ఏలూరులోనే కలుస్తాయి. తమ్మిలేరు ఊరి ముందు రెండు పాయలుగా చీలి, ఇరువైపులా సాగి, చివరకు కొల్లేటిని చేరుతుంది. ఎక్కడెక్కడి నీళ్ళో వచ్చి కలిసే ఈ ఊరికి మనుషులు కూడా అలాగే వచ్చారు.

ఆ వచ్చిన వారి గుర్తులలో ఒకటి ఏలూరు తివాచీ. శతాబ్దాల క్రితం పర్షియా నుండి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు ఈ విద్యను ఇక్కడికి తెచ్చారని చెబుతారు. నిలువు మగ్గం మీద నూలు పడుగు ఎక్కించి, ఉన్ని దారాన్ని ఒక్కొక్క ముడిగా వేస్తూ నేసే ఆ తివాచీలు ఏలూరు పేరును సముద్రాల అవతలికి మోసుకుపోయాయి. నాటి పరదేశి నేతగాడి పిల్లలు ఏ తరంలో ఏలూరు వారయ్యారో ఎవరూ చెప్పలేరు. వారిని తమవారిగా చేసుకున్నది ఏ ఉత్తర్వూ కాదు. పక్కింటి పలకరింపు, ఒకే వీధిలో నడక, ఒకే కాలువ నీరు, ఒకే బడి, వీటి వల్లనే అది సాధ్యమైంది.

ఈ మధ్యకాలంలో ఏలూరు మళ్ళీ ఒక మార్పును చూసింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి వచ్చినప్పుడు ఏలూరు పేరిట ఒక జిల్లా ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరానికి తరలింది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి, నూజివీడు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో చేరాయి. పిల్లలకు ఇల్లు మారలేదు, ఊరు మారలేదు, పుస్తకం అట్ట మీద వ్రాసుకునే జిల్లా పేరు మాత్రం మారింది.

బడులలో వచ్చిన మార్పు దీనికన్నా పెద్దది. 3, 4, 5 తరగతుల పిల్లలను సమీప ఉన్నత పాఠశాలలకు పంపే విధానం 2022లో వచ్చింది. 2025లో ఆ ఉత్తర్వును ఉపసంహరించి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేశారు. ఏ విధానం మేలన్న చర్చను విద్యావేత్తలకు వదిలిపెడదాము. మూడేళ్ళలో రెండుసార్లు బడి మారిన ఎనిమిదేళ్ళ పిల్లవాడి వైపు నుండి మాత్రం ఒకసారి చూద్దాము. వాడికి విధానం తెలియదు, ఉత్తర్వు సంఖ్య తెలియదు. నిన్నటిదాకా తాను కూర్చున్న చోటు ఇవాళ లేదన్నది తెలుసు. కొత్త గదిలో ఎక్కడ కూర్చోవాలో ఎవరైనా చెబుతారా అని ద్వారం దగ్గర నిలబడి చూస్తాడు. ఆ పసివాడు నిలబడిన ఆ రెండు నిమిషాలలోనే ఆ ఏడాది చదువు సగం నిర్ణయమవుతుందని మాకు అనిపించింది.

ఏలూరు ముస్లిం పిల్లల విషయంలో దీనికి భాష కూడా తోడవుతుంది. కొందరి ఇళ్ళలో ఉర్దూ వినిపిస్తుంది. నూర్ బాషాల ఇళ్ళలో తరతరాలుగా తెలుగే ఇంటి భాష. బడిలో ఇప్పుడు ఆంగ్ల మాధ్యమం. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు 2020 తరువాత పిల్లల చేతికి వచ్చాయి. ఇంట్లో ‘అమ్మీ’ అని పిలిచి, వీధిలో ‘అత్తయ్యగారండీ’ అని పలకరించి, తరగతిలో ‘గుడ్ మార్నింగ్’ చెప్పే బిడ్డ ఒకే ఉదయాన మూడు గడపలు దాటుతున్నది. మూడింటిలో ఏ గడప దగ్గర నవ్వులపాలైనా ఆ బిడ్డ నోరు మెదపడం మానివేస్తుంది. యాసను వెక్కిరించని తరగతి గది పిల్లలకు దొరికే మొదటి స్వాగతం.

నీటి నడుమ బడి

ఏలూరు నుండి దక్షిణంగా, కైకలూరు దారి పడితే కొల్లేటి సీమ మొదలవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన పల్లపు తావు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీటిని తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా బంగాళాఖాతానికి పంపే మంచినీటి సరస్సు ఇది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది.

ఈ నీటి నడుమ, గట్ల మీద ఊళ్ళున్నాయి. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, పైడిచింతపాడు, కోమటిలంక వంటి పేర్లు వింటేనే అక్కడి భూమి సంగతి తెలుస్తుంది. కిక్కిస పొదలు, గుర్రపుడెక్క తెరలు, తాటిదోనెలు, చేపలు పట్టే మావులు, గట్టు మీద ఆరవేసిన వలలు ఇక్కడి నిత్యదృశ్యాలు. మనుషుల బ్రతుకులు మాత్రం ఈ దృశ్యమంత నిలకడగా లేవు. ఒకప్పుడు నీరు తగ్గిన వేసవిలో కొల్లేటి నేలలో వరి పండేది. తరువాత చేపల చెరువులు వచ్చాయి. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లను తొలగించారు. సరస్సు ఊపిరి తీసుకోవడానికి అది అవసరమైంది. చెరువుల మీద ఆధారపడిన కుటుంబాలలో కొన్ని పని వెదుక్కుంటూ వలస పోవడం కూడా నిజమే. సరస్సుకు మేలు జరగాలి, సరస్సు ఒడ్డున పుట్టిన బిడ్డకూ మేలు జరగాలి. ఈ రెండింటిలో ఒకదాని కోసం రెండవదాన్ని మరచిపోవడం న్యాయం కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరంతా చివరకు కొల్లేటికే చేరింది. ఏలూరు, కైకలూరు రహదారి చినయడ్లగాడి వద్ద మునిగింది. లంక గ్రామాలకు దారులు తెగి, పడవలే దిక్కయ్యాయి. వరద వార్తలలో మనం విజయవాడ గురించి ఎక్కువగా విన్నాము. అక్కడ నీరు తీసిన తరువాత కూడా లంకలలో నీరు నిలిచే ఉన్నది. దారి మునిగితే బడి మూతబడుతుంది. బడి మూతబడిన రోజులు ఎక్కువైతే, పెద్ద పిల్లలు చెరువు గట్టు మీది పనికి అలవాటు పడతారు. తిరిగి బడి తెరిచినప్పుడు వారిలో ప్రతి ఒక్కరూ వెనక్కి రారు.

ఒక లంక గ్రామపు ప్రాథమిక పాఠశాలలో మేము చూసిన దృశ్యం ఇది. మాస్టారు నిరుటి హాజరు పట్టీని ఎదుట పెట్టుకొని, బడికి రాని పిల్లల పేర్ల క్రింద పెన్సిలుతో గీతలు గీస్తున్నారు. మధ్యాహ్న భోజనం తరువాత ఆ పేర్లు పట్టుకొని ఇంటింటికీ వెళ్ళారు. ఒక ఇంటి అరుగు మీద వల అల్లుతున్న తల్లి ఆయనను చూసి లేచి, “మాస్టారండీ, దసరా నాటికి మేము పనికి ఊరు వదిలేస్తామండీ. మధ్యలో తీసేసే పిల్లను ఇప్పుడెందుకు చేర్చడమండీ? అక్కడి బడివాళ్ళు కాగితాలు లేకుండా చేర్చుకుంటారా?” అని అడిగింది.

“చేర్చుకోవాలమ్మా, చట్టమే అలా చెబుతున్నది. నువ్వు ముందు రేపు పంపు” అన్నారు మాస్టారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ బిడ్డకు టీసీ రావడంలో ఆలస్యమైందన్న కారణంతోగానీ, వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతోగానీ ప్రవేశం నిరాకరించకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. చదువు మధ్యలో ఆగిన బిడ్డను ఆ వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వలస వెళ్ళే ప్రతి తల్లికీ ఈ మూడు మాటలు తెలియాలి. మన మస్జిదులలో శుక్రవారం ప్రసంగం చివర ఒక్క నిమిషం ఈ మాటలకు కేటాయిస్తే ఎందరో పిల్లల ఏడాది నిలబడుతుంది.

కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షుల కేంద్రంలో మరొక సంగతి గమనించాము. గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి అక్కడ తగినన్ని చెట్లు లేవు. అటవీశాఖ వారు నీటి మధ్య ఇనుప స్టాండ్లు నిలిపారు. పక్షులు వాటినే చెట్లుగా స్వీకరించి, వాటి మీదనే పిల్లలను పెంచుతున్నాయి. ఎక్కడి నుండో వచ్చిన ప్రాణికి ఆనుకునేందుకు ఒక ఆధారం చూపితే, మిగిలిన గూటిని అదే కట్టుకుంటుంది.

మదీనా నేర్పిన స్వాగతం

కొల్లేటి గట్టు మీద నడుస్తూ మేము మదీనా తొలి రోజులను తలచుకున్నాము. మస్జిదె నబవీ నిర్మాణానికి ఎంచుకున్న స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు దానిని ఉచితంగా ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) అంగీకరించక వెల చెల్లించి తీసుకున్నారు. అందరికోసం కట్టే భవనమైనా పిల్లల హక్కు మీద కట్టకూడదన్న నీతి ఆ పునాదిలోనే ఉన్నది. ఆ మస్జిదులోనే సుఫ్ఫా అనే అరుగు ఉండేది. ఇల్లూ ఆస్తీ లేని ముహాజిర్లు అక్కడ నివసించి విద్య నేర్చుకునేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) అక్కడి విద్యార్థులలో ఒకరు. ఆకలితో వచ్చిన వారికి అన్నం, ఆశ్రయం, చదువు ఒకేచోట దొరికిన బడి అది. బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించే అమ్మ చేతిని చూసినప్పుడు మాకు సుఫ్ఫాయే గుర్తుకు వచ్చింది.

దైవప్రవక్త (స) ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య సోదర బంధం ఏర్పరచారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానని ముందుకు వచ్చారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు శుభం కోరి, బజారుకు దారి చూపమని మాత్రం అడిగారు. ఈ ఒక్క ఉదంతంలో స్వాగతానికున్న రెండు ముఖాలూ కనిపిస్తాయి. చోటిచ్చేవారు మనస్ఫూర్తిగా ఇవ్వాలి. వచ్చినవారు తమ కాళ్ళ మీద నిలబడే దారి వెదకాలి.

బద్ర్ యుద్ధఖైదీలలో విమోచన ధనం చెల్లించలేని అక్షరాస్యులు, ఒక్కొక్కరు పదిమంది మదీనా బాలలకు వ్రాయడం నేర్పి విడుదల పొందారు. నిన్న కత్తి పట్టి వచ్చినవారి వద్ద కూడా అక్షరం నేర్చుకోవచ్చునని మన చరిత్ర చెబుతుండగా, ఇరుగుపొరుగు మతస్థులైన మాస్టారి వద్ద మన పిల్లలు చదువుకోవడానికి వెనుకాడడం తగదు. అలాగే మనవారు నడిపే బడిలో చేరిన ఇతర మతాల బిడ్డ కూడా అక్కడ అతిథిగా కాక ఇంటి బిడ్డగా మెలగగలగాలి.

ఉపాధ్యాయులకు మరొక ఉదంతం ఉన్నది. దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతుండగా, అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మం నేర్చుకోవాలని వచ్చారు. ఆ సందర్భంలో అవతరించిన ‘అబస’ అధ్యాయం, నేర్చుకోవాలన్న ఆర్తితో నడిచి వచ్చిన వారి వైపే ముందుగా దృష్టి మరల్చాలని బోధించింది. తరువాతి కాలంలో ఆయనే మదీనాలో అజాన్ పలికారు. మొదటి రోజున ప్రముఖుల పిల్లలు ఎవరి సాయం లేకుండానే ముందు వరుసకు చేరతారు. తడుముకుంటూ వచ్చిన బిడ్డను చేయిపట్టి తీసుకురావలసినది గురువే.

గూడెంలో వరుస

కైకలూరు నుండి ఆకివీడు, భీమవరం మీదుగా తాడేపల్లిగూడెం చేరే దారిలో కాలువ గట్ల వెంట ఆకుమళ్ళు కనిపించాయి. కొద్దివారాలలో ఊడ్పులు మొదలవుతాయి. ఆకుమడిలో ఒత్తుగా పెరిగిన నారును తీసి పొలంలో నాటినప్పుడు మొక్క కొద్దిరోజులు పాలిపోతుంది. కొత్త వేరు తొడిగాక పచ్చబడుతుంది. రైతులు దానినే మూన తిరగడం అంటారు. ఆ కొద్దిరోజులూ మడిలో నీరు పలుచగా నిలపాలి. ఎండినా ప్రమాదమే, మునిగినా ప్రమాదమే. బడి మారిన బిడ్డ కూడా మొదట కొంత పాలిపోతుంది. అన్నం సరిగా తినదు, మాట్లాడదు, వెనుకటి బడే మేలంటుంది. ఆ వారాలలో తల్లిదండ్రులు గద్దించినా, పట్టించుకోకపోయినా కష్టమే.

గూడెం ఉల్లిపాయల టోకు వర్తకానికి పేరుపొందిన పట్టణం. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాశ్రయ భూములు ఈ ఊరి గుర్తులలో ఒకటి. 2007లో సమీపంలోని వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో పట్టణానికి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అంటే నిట్, వచ్చాయి. నిట్‌లో సగం సీట్లు రాష్ట్ర విద్యార్థులకు, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వారికి దక్కుతాయి. వర్తకుల ఊరిలో ఇప్పుడు తెలుగు తెలియని యువకులు టిఫిన్ దుకాణాల ముందు వేలితో చూపి ఇడ్లీ అడుగుతున్నారు.

శుక్రవారం నమాజుకు మస్జిదులో నిలబడినప్పుడు మా సఫ్‌లో ఒకవైపు ఉల్లి బస్తాలు మోసే హమాలీ, మరొకవైపు ఎక్కడి నుండో వచ్చిన విద్యార్థి ఉన్నారు. వరుసలో ఎవరికీ ముందుగా కేటాయించిన చోటు లేదు. ఖాళీ కనిపిస్తే పక్కవారు జరిగి, భుజానికి భుజం కలిపి నిలబడతారు. ఆలస్యంగా వచ్చినవారిని ఏ ఊరని అడిగేవారుండరు. తరగతి గదిలో బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చే పిల్లవాడు చేసేది కూడా ఇదే. నమాజులో ఇంత సులువుగా జరిగేది నమాజు బయట ఎందుకు కష్టమవుతున్నదో మనం ఆలోచించాలి.

ఇంటి నుండి మొదలుకావలసినది

ఈ ప్రయాణంలో మేము నేర్చుకున్నది స్వల్పమైనదే. బడి భవనాలు, సంచులు, పుస్తకాలు, దుస్తులు ప్రభుత్వం ఇవ్వగలదు. తల్లుల ఖాతాలో డబ్బు వేయగలదు. ‘నా పక్కన కూర్చో’ అన్న మాట మాత్రం తోటి పిల్లల నోటి నుండే రావాలి. ఆ మాటను పిల్లలు ఇంట్లోనే నేర్చుకుంటారు.

కనుక మన ఇళ్ళలో ఈ ఏడాది కొన్ని పనులు చేద్దాము. బడి నుండి వచ్చిన బిడ్డను మార్కుల కన్నా ముందు, “మీ తరగతిలో కొత్తగా ఎవరు చేరారమ్మా? వారితో మాట్లాడావా?” అని అడుగుదాము. కొత్త బిడ్డ పేరును సరిగా పలకడం నేర్పుదాము. ఏడాదికొకసారైనా జరిగే తల్లిదండ్రుల సమావేశానికి తండ్రితోపాటు తల్లి కూడా వెళ్ళాలి. ఆమెకు చదువు రాకపోయినా, తన బిడ్డ ఎవరి పక్కన కూర్చుంటున్నదో చూడగలదు. ఐదవ తరగతితోనో, పదవ తరగతితోనో ఆడపిల్లల చదువు ఆపేవారి ఇంటికి మన స్త్రీలే వెళ్ళి మాట్లాడాలి. పై బడికి దారి దూరమైతే నలుగురు పిల్లలను కలిపి పంపే ఏర్పాటు వీధివారు చేయగలరు. మస్జిద్ కమిటీ వారు తమ పరిధిలో బడి మానిన పిల్లల జాబితా ఒకటి వ్రాసుకుంటే, జకాత్, సదఖా సొమ్ముతో ఎవరిని ఆదుకోవాలో వెదకనక్కరలేదు.

చాంద్రమానం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది గనుక వచ్చే ఏడాది బడి తెరిచే రోజు, ముహర్రం నెలవంక మరింత దగ్గరవుతాయి. ఆ నాటికి లంక గ్రామపు మాస్టారి హాజరు పట్టీలో పెన్సిలు గీతలు తగ్గాలని మా కోరిక. ఊరు మారిన ప్రతి బిడ్డకూ ఒక అన్సార్ ఇల్లు, బడి మారిన ప్రతి బిడ్డకూ పక్కకు జరిగి చోటిచ్చే ఒక స్నేహితుడు లభించేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆ చోటిచ్చే చేతులలో మన పిల్లల చేతులను చేర్చుగాక. ఆమీన్.